కోవిడ్ ముదురుతుందా? రక్త పరీక్ష ఎంతవరకు చెప్పగలదు?



జ్వరంతో ఓపీకి వచ్చేవారిలో చాలామంది ఇప్పుడు డాక్టరు గారిని కలవకముందే రక్త పరీక్ష చేయించుకుని వస్తున్నారు. రిపోర్టు మా చేతిలో పెట్టి, "సిస్టరమ్మా, సీఆర్‌పీ ఎక్కువ ఉందంట, ఊపిరితిత్తులు పాడైనట్టేనా?" అని అడుగుతున్నారు. ఇంకొందరు "అన్నీ నార్మలే వచ్చాయి, ఇక భయం లేదు కదా" అంటూ ఆయాసపడుతూనే ఇంటికి బయలుదేరుతున్నారు. 2021 ఏప్రిల్, మే నెలల్లో కరోనా రెండో విడత వచ్చినప్పుడు ఈ రెండు మాటలూ ఇంటింటా వినిపించాయి. కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. అయినా వైరస్ మన మధ్యనే ఉంది. ఆనాటి అలవాటు కూడా మిగిలిపోయింది. అందుకే ఈ విషయంలో మా నర్సింగ్ విభాగం అభిప్రాయాన్ని మీ ముందు ఉంచుతున్నాం.

కోవిడ్ ముదిరే అవకాశాన్ని ముందుగా పసిగట్టడానికి సాధారణ రక్త పరీక్షలు నిజంగానే సాయపడతాయి. అయితే అవి సరైన రోగికి, సరైన రోజున చేసినవై ఉండాలి. శ్వాస లెక్క, ఆక్సిజన్ శాతం, వయసు, పాత జబ్బులు అన్నీ పక్కన పెట్టుకుని చదవాలి. ఇవేమీ లేకుండా ఇంట్లో కూర్చుని చదువుకున్న రిపోర్టు మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుందని మా నమ్మకం.

రక్తంలో ఏం కనిపిస్తుంది?

అన్నిటికంటే చవకైన పరీక్ష సీబీపీ. చిన్న పట్నంలోని ల్యాబులో కూడా చేస్తారు. ఇందులో తెల్ల రక్తకణాల లెక్క ఉంటుంది. వాటిలో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్లు అనేవి ముఖ్యమైనవి. వైరస్‌ను గుర్తుపట్టి పోరాడే పని ఎక్కువగా లింఫోసైట్లది. కోవిడ్ తీవ్రమయ్యేవారిలో ఈ లింఫోసైట్లు తగ్గిపోవడం, న్యూట్రోఫిల్స్ పెరగడం 2020 ఆరంభంలోనే వైద్యులు గమనించారు. అందుకే రెండింటి నిష్పత్తిని చూస్తారు. న్యూట్రోఫిల్స్ 80 శాతం, లింఫోసైట్లు 10 శాతం ఉంటే ఆ నిష్పత్తి 8. ఆరోగ్యంగా ఉన్నవారిలో ఇది సాధారణంగా 1 నుంచి 3 మధ్య ఉంటుంది.

శాతం ఒక్కటే చూస్తే పొరబడతాం. మొత్తం తెల్లకణాలు 12,000 ఉన్న మనిషికి 10 శాతం అంటే 1,200 లింఫోసైట్లు. మొత్తం 5,000 ఉన్నవారికి అదే 10 శాతం అంటే 500 మాత్రమే. పెద్దవారికి 1,000 కంటే తగ్గితే తక్కువ కిందే లెక్క. రిపోర్టులో ఒకే అంకె ఉన్నా ఇద్దరి పరిస్థితి ఒకటి కాదు.

రెండోది సీఆర్‌పీ. 1930లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు వైద్యులు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని కనుగొన్నారు. శరీరంలో ఎక్కడైనా వాపు, చీము, ఇన్‌ఫెక్షన్ ఉంటే కాలేయం ఈ ప్రోటీన్‌ను తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. కొన్ని గంటల్లోనే పెరుగుతుంది, కారణం తగ్గితే త్వరగానే దిగుతుంది. కాబట్టి జబ్బు ఎటు నడుస్తోందో చూడటానికి మంచి పరీక్ష. కానీ ఏ జబ్బో చెప్పలేదు. పంటి చిగుళ్ళ వాపుకూ పెరుగుతుంది, కాలి పుండుకూ పెరుగుతుంది, టైఫాయిడ్‌కూ పెరుగుతుంది.

ఇవి కాక కణాలు దెబ్బతిన్నప్పుడు బయటికి వచ్చే ఎల్‌డీహెచ్, రక్తం గడ్డకట్టి కరుగుతున్నప్పుడు పెరిగే డి-డైమర్, ఇనుమును నిలువ ఉంచే ఫెరిటిన్, మూత్రపిండాల పనితీరు తెలిపే యూరియా, క్రియాటినిన్ ఉన్నాయి.

పరిశోధనలు ఏం చెప్పాయి?

2020 మార్చిలో లాన్సెట్ పత్రికలో చైనాలోని వుహాన్ నగరానికి చెందిన 191 మంది రోగుల వివరాలు వచ్చాయి. వారిలో 54 మంది చనిపోయారు. ఆసుపత్రిలో చేరిన రోజున డి-డైమర్ మిల్లీలీటరుకు 1 మైక్రోగ్రాము దాటినవారికి, వయసు పైబడినవారికి ప్రాణాపాయం ఎక్కువగా ఉందని అందులో తేలింది. ఆ తర్వాతే డి-డైమర్ పేరు అందరి నోటా నానింది.

అదే ఏడాది మే నెలలో వుహాన్ నుంచే మరో అధ్యయనం వచ్చింది. 485 మంది రోగుల రక్తాన్ని కంప్యూటర్ లెక్కలతో పరిశీలించి, ఎల్‌డీహెచ్, లింఫోసైట్లు, సీఆర్‌పీ ఈ మూడూ ఉంటే చాలు, ఎవరికి ప్రాణాపాయం ఉందో 10 రోజుల ముందే 90 శాతానికి పైగా సరిగ్గా చెప్పవచ్చన్నారు. వినడానికి ఎంతో ఆశ కలిగించే మాట. తర్వాత నెదర్లాండ్స్, ఫ్రాన్స్, న్యూయార్క్ ఆసుపత్రుల వారు అదే సూత్రాన్ని తమ రోగులకు వర్తింపజేసి చూశారు. అక్కడ అది అంత బాగా పనిచేయలేదు. దీనికి ఒక కారణం ఉంది. ఆ సూత్రాన్ని తయారుచేసింది ప్రతి రోగికీ చివరిసారి తీసిన రక్తం ఆధారంగా. చివరి దశలో రక్తం చెప్పే మాటకూ, చేరిన రోజున చెప్పే మాటకూ తేడా ఉంటుంది కదా.

ఇలాంటి సూత్రాలు ఒకటీ రెండూ కాదు. బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఒక సమీక్షలో 31 లెక్కలోకి వచ్చాయి. అదే సమీక్షను తర్వాత సవరించి ప్రచురించేసరికి ఆ సంఖ్య 232కు పెరిగింది. వాటిలో దాదాపు అన్నీ లోపాలతో ఉన్నాయని, ఆసుపత్రుల్లో వాడటానికి తొందరపడవద్దని సమీక్షకులు హెచ్చరించారు.

21 మార్కుల్లో రక్తానికి 5

వీటి నడుమ గట్టిగా నిలబడినది ఒకటుంది. 2020 సెప్టెంబరులో బ్రిటన్ పరిశోధకులు ప్రచురించిన 4సి స్కోరు అది. ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్‌లలోని 260 ఆసుపత్రుల రోగుల నుంచి దీన్ని తయారుచేశారు. 35,463 మందితో తయారుచేసి, మరో 22,361 మందితో సరిచూశారు. ఇందులో ఎనిమిది అంశాలు ఉన్నాయి: వయసు, ఆడ మగ తేడా, పాత జబ్బుల సంఖ్య, నిమిషానికి శ్వాసలు, ఆక్సిజన్ శాతం, తెలివి ఎలా ఉంది, రక్తంలో యూరియా, సీఆర్‌పీ. మొత్తం 21 మార్కులు. 3 లోపు వచ్చినవారిలో నూటికి ఒకరు చనిపోతే, 15 అంతకంటే ఎక్కువ వచ్చినవారిలో నూటికి 60 మందికి పైగా చనిపోయారు.

ఈ స్కోరులో మమ్మల్ని ఆలోచింపజేసిన సంగతి ఒకటుంది. 21 మార్కుల్లో రక్త పరీక్షలకు దక్కేవి 5 మాత్రమే. యూరియాకు 3, సీఆర్‌పీకి 2. మిగిలిన 16 మార్కులూ మంచం పక్కన నిలబడి చూస్తే, అడిగితే, లెక్కపెడితే తెలిసేవే. పాఠకులు ఈ ఒక్క విషయం గుర్తుంచుకుంటే చాలు. మీరు ల్యాబుకు పరుగెత్తే ముందే, జబ్బు కథలో ఎక్కువ భాగం ఇంట్లో మీ కళ్ళ ముందే ఉంది.

అలాగని ఆ 5 మార్కులూ తీసిపారేసేవి కావు. ఆక్సిజన్ మీద ఉన్న ఇద్దరు రోగులు చూడటానికి ఒకేలా ఉండవచ్చు. ఒకరికి రెండు రోజుల్లో సీఆర్‌పీ రెట్టింపై, లింఫోసైట్లు తగ్గుతూ, యూరియా పెరుగుతూ ఉంటే ఆ రోగిని నర్సుల బల్లకు దగ్గరగా మార్చుకోవాలి, తరచుగా చూడాలి, డాక్టరు గారికి త్వరగా చెప్పాలి. రక్త పరీక్ష విలువ ఇక్కడ ఉంది.

పైన చెప్పిన అంకెలన్నీ టీకా రాకముందు, 2020 నాటి రోగులవి. ఇప్పుడు మనలో చాలామందికి టీకా ద్వారానో, ఒకసారి జబ్బు వచ్చిపోవడం ద్వారానో కొంత రక్షణ ఉంది. కాబట్టి ఆనాటి శాతాలను ఈనాటి రోగికి అలాగే వర్తింపజేసి భయపడకూడదు.

మామూలు జ్వరానికి ఎందుకు వద్దంటున్నాం?

"పరీక్ష చేయిస్తే తప్పేముంది? డబ్బులు పోతే పోయాయి, ధైర్యం వస్తుంది కదా" అని కొందరంటారు. ఒక చిన్న లెక్క చూడండి. ఇవి లెక్క కోసం మేము అనుకున్న అంకెలే.

ఆయాసం లేని, ఆక్సిజన్ బాగున్న 1,000 మంది ఉన్నారనుకుందాం. వీరిలో 10 మందికి జబ్బు ముదురుతుంది. మన పరీక్ష ముదిరేవారిలో నూటికి 80 మందిని పట్టుకుంటుంది. ముదరనివారిలో నూటికి 20 మందిని పొరపాటున ప్రమాదం కింద చూపిస్తుంది. అంటే 8 మందిని సరిగ్గా పట్టుకుంటుంది, 198 మందిని ఊరికే భయపెడుతుంది. రిపోర్టులో ప్రమాదం అని వచ్చిన ప్రతి 26 మందిలో ఒక్కరికే నిజంగా ప్రమాదం. పైగా నిజంగా ముదిరే ఇద్దరికి నార్మల్ అని వచ్చి, ధీమాగా ఇంట్లో ఉండిపోతారు.

అదే పరీక్షను వార్డులో ఆక్సిజన్ అవసరమైన 1,000 మందికి చేస్తే? వీరిలో 300 మందికి ముదురుతుందనుకుంటే, 240 మందిని సరిగ్గా పట్టుకుని, 140 మందిని పొరపాటున చూపిస్తుంది. ప్రమాదం అని వచ్చిన నూటికి 63 మందికి నిజంగానే ప్రమాదం. పరీక్ష మారలేదు, మనిషి మారాడు. ఎవరికి చేస్తున్నామన్నదే పరీక్షకు విలువ ఇస్తుంది.

2021 మే నెలలో అప్పటి ఢిల్లీ ఎయిమ్స్ డైరెక్టర్ డాక్టర్ రణదీప్ గులేరియా కూడా ఇదే చెప్పారు. లక్షణాలు స్వల్పంగా ఉండి, ఆక్సిజన్ బాగున్నవారు సీటీ స్కాన్‌కు, ఈ రక్త పరీక్షలకు పరుగెత్తవద్దని, వాటివల్ల కంగారే మిగులుతుందని హెచ్చరించారు. అదే ఏడాది ఏప్రిల్‌లో ఎయిమ్స్, ఐసీఎంఆర్ కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు జబ్బును స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని విడదీసింది శ్వాస లెక్కను, ఆక్సిజన్ శాతాన్ని బట్టే. నిమిషానికి శ్వాసలు 24 లేదా అంతకంటే ఎక్కువ ఉన్నా, ఆక్సిజన్ 90 నుంచి 93 మధ్య ఉన్నా మధ్యస్థం. 30 దాటినా, ఆక్సిజన్ 90 కంటే తగ్గినా తీవ్రం. మధ్యస్థ స్థాయిలో చేరినవారికే సీఆర్‌పీ, డి-డైమర్ రెండు మూడు రోజులకోసారి చూడమన్నారు.

రిపోర్టు చూసి స్టెరాయిడ్ వేసుకోవద్దు

మా బాధంతా ఇక్కడే ఉంది. రెండో విడతలో ఎందరో సీఆర్‌పీ అంకె చూసి, ఆక్సిజన్ బాగానే ఉన్నా, ఎవరో ఫోన్‌లో పంపిన చీటీ ప్రకారం స్టెరాయిడ్ బిళ్ళలు మింగారు.

డెక్సామెథసోన్ ప్రాణం కాపాడే మందే. 2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ప్రయోగం దీన్ని రుజువు చేసింది. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలను మూడో వంతు, ఆక్సిజన్ మీద ఉన్నవారిలో అయిదో వంతు తగ్గించింది. కానీ ఆక్సిజన్ అవసరం లేనివారికి ఏ ప్రయోజనమూ కనిపించలేదు. వారిలో మందు తీసుకున్న వైపు మరణాలు 17.8 శాతం, తీసుకోని వైపు 14 శాతం. హాని ఉండదని చెప్పలేని పరిస్థితి. పైగా స్టెరాయిడ్ చక్కెరను పెంచుతుంది. 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ రోగులతో హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది మరచిపోగలమా? అదుపులేని మధుమేహం, స్టెరాయిడ్ వాడకం రెండూ కలిసినచోట ఆ జబ్బు ఎక్కువగా కనిపించింది. కంటినీ, దవడనూ కోల్పోయినవారున్నారు.

రక్త పరీక్ష అంకెను మందుకు సరిగ్గా జోడించిన ఉదాహరణ కూడా అదే రికవరీ ప్రయోగంలో ఉంది. టోసిలిజుమాబ్ అనే ఖరీదైన మందును ఆక్సిజన్ తగ్గి, దానితోపాటు సీఆర్‌పీ లీటరుకు 75 మిల్లీగ్రాములు లేదా ఎక్కువ ఉన్నవారికి ఇచ్చి చూశారు. మేలు జరిగిందని 2021 ఫిబ్రవరిలో తేలింది. గమనించండి, అక్కడ కూడా ముందు చూసింది ఆక్సిజన్, దాని పక్కన సీఆర్‌పీ.

అంకె వెనుక ఏముందో చూడాలి

నర్సులుగా మాకు తెలిసిన కొన్ని సంగతులు మీకూ తెలియడం మంచిది.

మొదటిది కొలమానం. సీఆర్‌పీని కొన్ని ల్యాబులు లీటరుకు, కొన్ని డెసిలీటరుకు ఇస్తాయి. డెసిలీటరుకు 6 మిల్లీగ్రాములు అంటే లీటరుకు 60. ఒక ల్యాబులో 6, ఇంకో ల్యాబులో 60 వస్తే పదింతలు పెరిగిందని గుండెలు బాదుకోవద్దు. రెండూ ఒకటే కావచ్చు. డి-డైమర్ కూడా మైక్రోగ్రాముల్లో 0.5, నానోగ్రాముల్లో 500 ఒకటే. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించండి.

రెండోది రక్తం తీసిన తీరు. సన్న సూదితో బలంగా లాగినా, గొట్టాన్ని గట్టిగా ఊపినా ఎర్రకణాలు పగిలి ఎల్‌డీహెచ్ ఉత్తినే పెరుగుతుంది. డి-డైమర్‌కు వాడే నీలం మూత గొట్టం గీత వరకు నిండకపోతే ఫలితం నమ్మకంగా ఉండదు. రక్తం మళ్ళీ తీయాలని మా పిల్లలు అడిగితే విసుక్కోవద్దు.

మూడోది మనిషి. గర్భిణులకు, వయసు పైబడినవారికి, ఈమధ్య ఆపరేషన్ అయినవారికి డి-డైమర్ ఎలాగూ కొంత ఎక్కువే ఉంటుంది. రక్తహీనత ఉన్న స్త్రీలలో ఫెరిటిన్ ముందే అడుగున ఉంటుంది. అది పెరిగి నార్మల్ హద్దులోకి వచ్చినా ఎవరికీ అనుమానం రాదు. స్టెరాయిడ్ వాడుతున్నవారిలో ఆ మందువల్లే న్యూట్రోఫిల్స్ పెరిగి లింఫోసైట్లు తగ్గుతాయి. వర్షాకాలంలో డెంగ్యూ వల్ల కూడా తెల్లకణాలు పడిపోతాయి. అందుకే వాడుతున్న మందులన్నీ దాచకుండా చెప్పండి.

నాలుగోది రోజు. కోవిడ్ ముదిరేది ఎక్కువగా మొదటి వారం చివర, రెండో వారం మొదట్లో. రెండో రోజున బాగున్న రక్తం ఎనిమిదో రోజుకు హామీ ఇవ్వదు. రోజులను జ్వరమో దగ్గో మొదలైన నాటి నుంచి లెక్కపెట్టండి, పాజిటివ్ వచ్చిన నాటి నుంచి కాదు.

ఆసుపత్రులకు మా మనవి

ఖరీదైన పరీక్షలన్నీ కలిపి ప్యాకేజీగా అమ్మడం మాకు ఇష్టం లేదు. చేరిన రోగికి సీబీపీ, సీఆర్‌పీ, యూరియా, క్రియాటినిన్, చక్కెర వేళకు చేసి, అవసరమనిపిస్తే డి-డైమర్ చేర్చి, ప్రతి పూటా శ్వాసను నిమిషం నిండా లెక్కపెట్టే ఆసుపత్రి, పది పరీక్షలు ఒకేసారి చేసి మంచం వైపు చూడని ఆసుపత్రి కంటే మేలు.

ఇంకొకటి, అన్నిటికంటే ముఖ్యమైనది. 4సి స్కోరులో 80 ఏళ్ళు దాటిన తాతగారికి వయసుకు 7, మగవారైనందుకు 1, మొత్తం 8 మార్కులు రక్తం తీయకముందే పడిపోతాయి. షుగరు ఉంటే 9. అప్పుడే ఆయన ఎక్కువ ప్రమాదం వరుసలోకి వెళ్ళిపోయారు. మంచాలు చాలని రోజుల్లో ఈ అంకెను చూపి "ఆయన ఎలాగూ బతకరు" అనే మాట రాకూడదు. స్కోరు వేల మందిని కలిపి చెప్పే లెక్క. ఆ మంచం మీదున్న ఒక్క మనిషి ఏమవుతారో అది చెప్పలేదు. 15 దాటినవారిలో కూడా నూటికి 38 మంది ఇంటికి వెళ్ళారు. ఎక్కువ మార్కులు వచ్చిన రోగికి ఎక్కువ సేవ అందాలి. అంకె పెరిగేకొద్దీ మనం దగ్గరికి జరగాలి.

ఇంట్లో మీరు చేయవలసినవి

- రోగి నిమ్మళంగా ఉన్నప్పుడు, చెప్పకుండా, పొట్ట లేదా ఛాతీ కదలిక చూస్తూ నిమిషం నిండా శ్వాసలు లెక్కపెట్టండి. పెద్దవారికి 24 లేదా అంతకంటే ఎక్కువ ఉంటే ఆసుపత్రికి తీసుకురండి.
- పల్స్ ఆక్సిమీటర్ పెట్టే వేలికి గోళ్ళరంగు, గోరింటాకు లేకుండా, చెయ్యి చల్లగా లేకుండా చూడండి. అంకె నిలకడగా నిలిచేవరకు ఆగండి. 93 లేదా తక్కువైతే ఆలస్యం చేయవద్దు.
- శ్వాస లెక్క, ఆక్సిజన్, జ్వరం మూడూ ఉదయం, సాయంత్రం ఒక కాగితం మీద రాసి ఉంచండి. మీరు తెచ్చే ఆ కాగితం ల్యాబు రిపోర్టంత విలువైనది.
- మత్తుగా ఉండటం, మాట తడబడటం, పెదవులు నీలిరంగుకు తిరగడం, ఛాతీలో నొప్పి కనిపిస్తే రిపోర్టు కోసం ఎదురుచూడవద్దు.
- 60 ఏళ్ళు దాటినవారు, మధుమేహం, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు, గర్భిణులు జ్వరం మొదలైన రోజునే డాక్టరు గారికి చూపించుకోండి. రక్త పరీక్ష ఎప్పుడు అవసరమో వారు చెబుతారు.
- మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ వాడవద్దు.

రిపోర్టు చేతికి వచ్చినప్పుడు కొట్టొచ్చినట్టు కనిపించే అంకెల దగ్గరే ఆగిపోకండి. దాన్ని పట్టుకుని రండి, మనిషినీ వెంట తీసుకురండి. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే మేము సరైన మాట చెప్పగలం.

నర్సింగ్ విభాగం తరఫున,
నర్సింగ్ సూపరింటెండెంట్